వాలమూరు వాగొడ్డున క్యాంపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలవుతూనే మారేడుమిల్లి అడవుల్లో వాగొడ్డున ఒక రాత్రి గడపాలని బయల్దేరేవాళ్లు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. ఎక్కువమంది భయం పులుల గురించి, పాముల గురించి. నిజానికి అక్కడ ముప్పు ముందు నీళ్ల నుంచి, తర్వాత దోమల నుంచి. అందుకే ఈ పేజీలో ఆ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాం. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసింది వెతుక్కుని చదువుకోండి.

## బయల్దేరే ముందు

అసలు ఈ చోటు ఎక్కడుంది? ఎంత దూరం?

తూర్పు కనుమల్లో, రంపచోడవరం ఏజెన్సీలో ఉంది. రాజమండ్రి నుంచి కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి సుమారు 85 కిలోమీటర్లు. వాలమూరు మారేడుమిల్లికి దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ వాగు మూడు పక్కలా చుట్టి పారే పచ్చిక మైదానంలో జంగిల్ స్టార్ క్యాంప్ ఉంది. అటవీశాఖ అండతో స్థానిక గిరిజనులు నడుపుతారు. వాలి, సుగ్రీవులు పోరాడింది ఈ మైదానంలోనేనని స్థానికులు చెప్పుకుంటారు. మూడు పక్కలా నీళ్లంటే చూడ్డానికి అందమే. కానీ బయటికి దారి ఒక్క వైపే ఉందని కూడా అర్థం. చేరగానే ఆ దారిలో వెలుతురుండగా ఒకసారి నడిచి చూసి రండి.

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. వానలు తగ్గి వాగు తేటపడుతుంది, నీళ్లూ సరిపడా ఉంటాయి. అక్టోబరు, నవంబరు మొదట్లో పచ్చదనం ఎక్కువే గానీ అది బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం. వాయుగుండం వార్త వినపడితే ప్రయాణం వాయిదా వేసుకోండి. మార్చి దాటాక వాగు సన్నబడుతుంది, ఆకు రాలి అడవి ఎండుతుంది, కార్చిచ్చుల భయం మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జలపాతాలు చూసి వెనక్కి వచ్చేయండి, వాగొడ్డున పడుకోవద్దు.

సొంత డేరా ఉంది. అడవిలో నచ్చిన చోట వేసుకోవచ్చా?

కుదరదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్లడం, నిప్పు రాజేయడం, చెట్టూ వెదురూ కొట్టడం నేరం. అనుమతి ఉన్న క్యాంపుల్లోనే బస చేయాలి. సొంత డేరా వేసుకోనిస్తారో లేదో బుకింగ్ అప్పుడే అడగండి.

బుకింగ్ చేసేటప్పుడు ఏమేం కనుక్కోవాలి?

పరుపు, దుప్పట్లు ఇస్తారా, మరుగుదొడ్డిలో నీళ్లున్నాయా, రాత్రి ఎన్నింటి దాకా కరెంటు ఉంటుంది, భోజనం ముందే చెప్పాలా, కారు క్యాంపు దాకా వస్తుందా. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్నను మాత్రం ఎవరూ అడగరు: వాగు పొంగి దారి మూసేస్తే డబ్బు వెనక్కిస్తారా, వేరే చోట గది ఇస్తారా? ఈ జవాబు ముందే తెలిస్తే వాన రోజున, కట్టిన డబ్బు పోతుందని మొండిగా బయల్దేరాల్సిన పని ఉండదు. వారాంతాలు, సంక్రాంతి సెలవులు, క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా గిరాకీ ఎక్కువ. వారం మధ్యలో వెళ్తే వాగు చప్పుడు వినపడుతుంది. శనివారం రాత్రి వెళ్తే పక్క గుంపు పాటలు వినపడతాయి.

సామాను ఏమేం పెట్టుకోవాలి?

ఒక్క రాత్రికి మనిషికి: చేతుల దాకా, మడమల దాకా కప్పే బట్టలు రెండు జతలు, స్వెట్టరు, చెవులు మూసే టోపీ, పట్టున్న అట్టతో బూట్లు, నీళ్లలోకి దిగడానికి పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులు పనికిరావు, పాచిరాయి మీద అవే ముందు జారతాయి. తలకు కట్టుకునే టార్చిలైటు, దానికి మరో జత బ్యాటరీలు. దోమలు కుట్టకుండా పూసుకునే మందు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, పారాసిటమాల్, దూది, పట్టీ, రోజూ వేసుకునే మందులు ఒక రోజువి అదనంగా. గట్టి నైలాన్ తాడు 15 మీటర్లు. ఫోన్లు, పర్సులకు జిప్పున్న ప్లాస్టిక్ సంచులు. చిన్న నోట్లలో నగదు కూడా పెట్టుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే పనిచేయదు.

చలి బాగా ఉంటుందా?

మారేడుమిల్లి అరకు, లంబసింగి అంత ఎత్తులో లేదు, కాబట్టి గడ్డకట్టే చలి ఉండదు. కానీ చల్లగాలి బరువుగా లోయలోకి దిగి వాగు వెంబడే నిలుస్తుంది. అందుకే తెల్లవారుజామున ఊళ్లోకన్నా వాగొడ్డున చలి ఎక్కువ. చలి పైనుంచి కన్నా కిందనుంచి ఎక్కువ లాగుతుంది. ఒక దుప్పటి కప్పుకుంటే రెండు పరుచుకోండి.

## దారిలో

కారు లేదు, బస్సులో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. రాజమండ్రిలోని గోకవరం బస్టాండు నుంచి ఏజెన్సీ వైపు ఆర్టీసీ బస్సులు నడుస్తాయి. మారేడుమిల్లిలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. తిరిగి తీసుకెళ్లడానికి ఎన్నింటికి రావాలో ఆటో అతనితో అప్పుడే ఖాయం చేసుకోండి. లోయలోంచి ఫోన్ చేసి పిలుద్దామంటే సిగ్నల్‌ను నమ్ముకోలేం. పొద్దున బయల్దేరే బస్సే ఎక్కండి, చీకటి పడ్డాక క్యాంపు చేరితే చోటు చూసుకోవడం కష్టం.

ఘాట్ రోడ్డు కొత్త. ఏం జాగ్రత్తలు?

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి, అంటే చాలాచోట్ల రెండో గేరు. న్యూట్రల్‌లో జారవిడిచి బ్రేకు తొక్కుతూ పోతే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి అరగంట చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయొద్దు. మలుపుకు ముందు హారన్ కొట్టండి, ఎక్కే బండికి దారివ్వండి. పొగమంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు, లోబీమ్ చాలు. పెట్రోలు రాజమండ్రిలోనే నింపుకోండి. సాయంత్రం 5 లోపు ఘాట్ దాటేలా చూసుకోండి.

మలుపుల్లో పిల్లలకు వాంతులవుతాయి, ఎలా?

బయల్దేరే ముందు ఇడ్లీలాంటి తేలిక టిఫిను పెట్టండి, ఖాళీ కడుపుతోనూ వద్దు, పూరీలతోనూ వద్దు. ఫోన్ చూడనివ్వకుండా దూరంగా ఉన్న కొండను చూడమనండి. వాంతుల మాత్ర ఘాట్ మొదలయ్యాక వేస్తే ప్రయోజనం లేదు, అరగంట, గంట ముందే వేయాలి. పిల్లల మోతాదు డాక్టరును అడిగి తీసుకోండి.

## డేరా వేసేటప్పుడు

నీళ్లకు ఎంత దగ్గరగా వేసుకోవచ్చు?

వాగు ఈపాటికే ఎక్కడిదాకా వచ్చి వెళ్లిందో ఒడ్డు మీదే రాసి ఉంటుంది. పొదల కొమ్మలకు చిక్కుకున్న ఎండుగడ్డి, చెట్ల మొదళ్ల మీద బురద చార, ఒక వరుసగా ఆగిపోయిన పుల్లలు, చెత్త చూడండి. ఆ గుర్తుకు పైనే డేరా. దాని కింద వేసిన డేరా నీళ్ల దారిలో వేసినట్టే. గుర్తులు కనపడకపోతే కనీసం 60 మీటర్లు వెనక్కి, నిలువునా మనిషెత్తుకు తగ్గకుండా పైకి జరగండి. సమంగా, మెత్తగా ఉన్న ఇసుకమేట పడుకోవడానికి హాయిగా కనిపిస్తుంది. కానీ ఆ ఇసుకను అక్కడ పరిచింది వరదే.

తర్వాత తలెత్తి చూడండి. ఎండు కొమ్మలున్న చెట్టు కింద వద్దు. గాలి లేకపోయినా రాత్రిపూట విరిగి పడతాయి. చీమల పుట్టలు, ఎలుక బొరియలు, ఆకులు కుప్పపడిన చోట్లు కూడా వదిలేయండి.

ఇసుకలో మేకులు నిలవడం లేదు. ఏం చేయాలి?

మేకును నిలువుగా దించకండి. జానెడు పొడవున్న పుల్లకు మధ్యలో తాడు కట్టి, మోచేతి లోతు గుంటలో పుల్లను అడ్డంగా పెట్టి ఇసుక కప్పి తొక్కండి. తాడు లాగే దిక్కుకు పుల్ల అడ్డంగా ఉండాలి. పుల్ల లేకపోతే సంచిలో ఇసుక నింపి పాతినా అదే పట్టు. తెల్లారాక తవ్వి తీసి గుంట పూడ్చండి.

వాన లేదు, అయినా పొద్దున డేరా లోపలంతా తడి. కారుతోందా?

కారడం కాదు, అది మీ ఊపిరే. వెచ్చటి ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. వాగు పక్కన గాలిలో తేమ ఎలాగూ ఎక్కువ. చలి అని అన్ని జిప్పులూ మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది. దోమతెర మూసి, పై గుడ్డ గాలికంతలు రెండు వైపులా తెరిచి ఉంచండి. పై గుడ్డ లోపలి గుడ్డకు తగలకుండా తాళ్లు బిగించండి. తడి బట్టలు లోపల ఆరేయొద్దు. నేల మీద పరిచే పట్టా డేరా అంచు దాటి బయటికి వస్తే మంచు నీళ్లు దాని మీద పడి కిందికి చేరతాయి, అంచును లోపలికి మడవండి.

## వాగు

ఇక్కడ చినుకు కూడా పడలేదు, వాగెలా పొంగుతుంది?

మీ తల మీద పడే వాన కాదు, ఎగువ కొండల్లో పడే వాన లెక్క. ఏటవాలు కొండలు, రాతినేల కాబట్టి నీళ్లు ఇంకే లోపే జారి వాగులో పడతాయి. ఎక్కడో కురిసిన జడివాన కొంతసేపటికి ఎండలో ఆడుకుంటున్న మీ దగ్గరికి వస్తుంది. కొండల మీద మబ్బు పట్టినా, ఉరిమినా వాగులోంచి బయటికి రండి. వాతావరణ శాఖ హెచ్చరికలో మీ ఊరు కాకుండా ఏజెన్సీ మండలాలకు ఏముందో చూడండి.

పొంగే ముందు గుర్తులేమైనా ఉంటాయా?

ఉంటాయి, కానీ నిమిషాల వ్యవధిలోనే. తేట నీళ్లు టీ రంగుకు మారతాయి. ఆకులు, పుల్లలు, నురుగు ఎక్కువగా కొట్టుకొస్తాయి. గలగల కాస్తా లోతైన హోరుగా మారుతుంది. ఇందాక పైకి కనపడ్డ రాయి మునుగుతుంది. ఏ ఒక్కటి కనపడినా సామాను జోలికి పోకుండా ఎత్తుకు నడవండి. చెప్పుల కోసం, ఫోన్ కోసం వెనక్కి తిరగడం దగ్గరే ప్రాణాలు పోతాయి. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకునే ముందు టార్చితో చూడండి. పుల్ల నీళ్లలోకి వెళ్లిపోయి ఉంటే డేరా ఎత్తేయండి.

ఈత కొట్టొచ్చా?

మాకు నచ్చని ప్రశ్న, ఎందుకంటే ఈత వచ్చినవాళ్లే ఎక్కువగా అడుగుతారు. వాగు చెరువు కాదు. పైన నెమ్మదిగా కనిపించే మడుగులో అడుగున రాళ్ల సందుల్లోకి నీళ్లు లాగుతుంటాయి, కాలు ఇరుక్కుంటే ఈత ఏ పనికీ రాదు. ఇసుక గుంటలు వాన వాననీ చోటు మారతాయి, కిందటేడు నిలబడ్డ చోట ఈ ఏడు నిలువెత్తు లోతుండొచ్చు. ఇక్కడికి దగ్గర్లోని జలతరంగిణి జలపాతం దగ్గర 2024 సెప్టెంబరులో విహారానికి వచ్చిన వైద్య విద్యార్థులు ఉన్నట్టుండి వచ్చిన వరదలో కొట్టుకుపోయి చనిపోయారు.

క్యాంపు వాళ్లు చూపించిన చోటే, మోకాలి లోతు దాకానే, పగలే దిగండి. పై నుంచి దూకొద్దు. జలపాతం మీదికి ఎక్కొద్దు. ఒకరు ఒడ్డున తాడుతో ఉండాలి. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకుండా తాడు విసరండి, కర్ర అందించండి. కొట్టుకుపోతున్న మనిషి వెల్లకిలా తేలి, కాళ్లు దిగువ వైపు చాచి రాళ్లను తన్నుకుంటూ ఒడ్డుకు జరగాలి, మధ్యలో నిలబడే ప్రయత్నం చేయకూడదు.

వాగు దాటి అవతలి ఒడ్డుకు వెళ్లాలని ఉంది.

వడిగా పారే నీళ్లు చీలమండ దాటితే చాలు, మనిషిని పడేయగలవు. మోకాలు దాటితే ఆ ఆలోచన మానుకోండి. అంతకన్నా తక్కువుంటే వెడల్పుగా, లోతు లేకుండా పారే చోట చూసుకుని, ఎగువకు ముఖం పెట్టి కర్ర ఊతగా పక్కపక్కకు అడుగులేయండి. చెప్పులు విప్పొద్దు. కారును మాత్రం నీళ్లు పారే కల్వర్టు మీదికి ఎక్కించొద్దు. అడుగు లోతు నీళ్లు చాలు చిన్న కారు తేలడానికి.

వాగు నీళ్లు తేటగా ఉన్నాయి, తాగొచ్చా?

తేటగా ఉన్నా అలాగే తాగొద్దు. ఎగువన పశువులు దిగుతాయి, ఊళ్లున్నాయి. తెర్లడం మొదలయ్యాక పూర్తి నిమిషం మరగనిచ్చి చల్లార్చి తాగండి. క్లోరిన్ మాత్రలైతే పొట్లం మీద రాసిన మోతాదు వేసి అరగంట ఆగాలి. నీళ్లు మురికిగా ఉంటే ముందు మడతలు వేసిన గుడ్డలో వడకట్టండి, బురద నీళ్లలో క్లోరిన్ సరిగా పనిచేయదు. తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు లెక్కేసుకుంటే ఇబ్బంది ఉండదు.

సబ్బు వాడుకోవచ్చా? గిన్నెలు వాగులో తోముకోవచ్చా?

వద్దు. దిగువన ఆ నీళ్లే తాగుతారు. బకెట్లో నీళ్లు తెచ్చి ఒడ్డుకు 60 మీటర్ల దూరంలో తోముకోండి. బూడిద, కొబ్బరిపీచు చాలు, జిడ్డు పోతుంది.

## పొయ్యి, వంట

బొంగులో చికెన్ మేమే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, వెదురు మాత్రం అడవిలో కొట్టొద్దు. మారేడుమిల్లిలో అమ్మేవాళ్ల దగ్గర ముక్కలు దొరుకుతాయి. పచ్చి వెదురే కావాలి. ఎండిందైతే కూర ఉడికేలోపు బొంగే కాలిపోతుంది. ఒక చివర కణుపు మూసి ఉన్న ముక్క తీసుకుని లోపల కడగండి. కిలో కోడికి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, నిమ్మరసం పట్టించి అరగంట నాననివ్వండి. నూనె అక్కర్లేదు, కోడి కొవ్వూ వెదురు తడీ సరిపోతాయి. బొంగులో ముప్పాతిక దాకానే నింపండి. నిండా కుక్కితే ఆవిరి మూతను తన్నేస్తుంది. మూతిలో అడ్డాకు చుట్ట బిగించి, మంటలో కాకుండా నిప్పుల మీద ఏటవాలుగా పెట్టి తిప్పుతూ 40 నిమిషాల దాకా కాల్చండి. తొందరపడి మంటలో పెడితే పైన బొగ్గు, లోపల పచ్చి. ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మళ్లీ పెట్టాల్సిందే.

పొయ్యికి వాగులోని గుండ్రాళ్లు బాగుంటాయి కదా?

అవి పేలతాయి. నీళ్లలో నానిన రాళ్ల పగుళ్లలోని తేమ వేడికి ఆవిరై, దారి లేక రాయిని పగలగొడుతుంది. ముక్కలు కంట్లో పడ్డ సందర్భాలున్నాయి. క్యాంపులో కట్టిన పొయ్యినే వాడండి. పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, బూడిద చేతికి చల్లగా తగిలేదాకా వదలకండి.

చలికి డేరాలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దగ్గూ రాదు. నిద్రలోనే చంపేస్తుంది. గ్యాస్ స్టవ్వుదీ అదే సంగతి. వేడినీళ్లు పోసిన స్టీలు సీసాను గుడ్డలో చుట్టి పాదాల దగ్గర పెట్టుకోండి.

జీలుగు కల్లు తాగి చూడొచ్చా?

క్యాంపు నియమాలు ముందు కనుక్కోండి. తాగినవాళ్లు మాత్రం ఆ పూట వాగులోకి దిగకూడదు, ఘాట్‌లో బండి నడపకూడదు. దారిపక్క ఎవరో సీసాలో పోసిచ్చింది తాగొద్దు.

## రాత్రి

ఎలుగుబంట్లు, చిరుతలు వస్తాయా?

ఈ అడవుల్లో రెండూ ఉన్నాయి. మనుషులున్న చోటికి కావాలని రావు, తిండి వాసనకే వస్తాయి. డేరాలో తిండి పెట్టుకోవద్దు. మిగిలిన కూర, పళ్ల తొక్కలు మూతబిగించిన డబ్బాలో వేసి కారులో పెట్టండి. మరుగుదొడ్డికి ఒంటరిగా వెళ్లకుండా ఇద్దరు, టార్చితో, మాట్లాడుకుంటూ వెళ్లండి. ఎలుగు హఠాత్తుగా ఎదురుపడితేనే మీద పడుతుంది. మాటల చప్పుడుకు అదే తప్పుకుంటుంది.

పాముల సంగతేంటి? కరిస్తే ఏం చేయాలి?

రాత్రిపూట జాగ్రత్త పడాల్సింది కట్లపాముతో. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, గాటు సరిగా కనపడదు, నొప్పీ పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాము కాటేనని అనుమానించండి. డేరా జిప్పు ఎప్పుడూ మూసి ఉంచండి, బూట్లు దులిపి తొడుక్కోండి.

కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. 108కు ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే ఎదురుచూడకుండా కారులో రంపచోడవరం ఏరియా ఆసుపత్రి వైపు బయల్దేరండి. పామును పట్టడానికి, చంపడానికి టైం పోగొట్టుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే మందు.

## ఆరోగ్యం, తిరుగు ప్రయాణం

ఏజెన్సీలో మలేరియా ఉందంటారు, ఒక్క రాత్రికే భయపడాలా?

ఒక్క కాటు చాలు. మెదడుకు పాకే ఫాల్సిపారం రకం మలేరియా ఏజెన్సీలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని మోసే దోమల్లో ఒక రకం మురుగులో కాదు, మెల్లగా పారే తేట వాగు అంచుల్లోనే పెరుగుతుంది. అంటే మీరు కూర్చునే చోటే. ఆ దోమ సంజె వేళ నుంచి తెల్లారేదాకా కుడుతుంది. 5 గంటలకల్లా నిండు చేతులు, ప్యాంటు, మేజోళ్లు వేసుకుని, బయట కనపడే చర్మానికి డీట్ అనే దోమల్ని తరిమే రసాయనం 20 నుంచి 30 శాతం ఉన్న మందు పూసుకోండి. చలిమంట పొగను నమ్ముకోవద్దు. ముందు జాగ్రత్త మాత్రలు కావాలా అన్నది డాక్టరును అడగండి. గర్భిణులు, చంటిపిల్లలతో అయితే పగలు చూసి వెనక్కి వచ్చేయడం మేలని మా అభిప్రాయం.

పచ్చిక మీద పడుకుంటే ఏమవుతుంది?

గడ్డిలోని నలుసంత పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. పట్టా పరుచుకునే కూర్చోండి. సాయంత్రం స్నానం చేసి చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద చూసుకోండి.

చెత్త ఎక్కడ వేయాలి?

తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి మారేడుమిల్లిలో కాదు, మీ ఊళ్లోనే వేయండి. పూడిస్తే జంతువులు తవ్వుతాయి. గాజు సీసాలు అసలు తేవొద్దు, పగిలిన పెంకులు వాగు అడుగున ఏళ్ల తరబడి ఉండి చెప్పుల్లేని కాళ్లను కోస్తాయి.

దగ్గరి ఊళ్లలో ఫోటోలు తీసుకోవచ్చా?

అవి కొండరెడ్ల ఇళ్లు, మ్యూజియం కాదు. అడిగి, ఒప్పుకుంటేనే తీయండి. డబ్బులు పంచే బదులు తేనె, చింతపండు, కొండచీపుర్లు వాళ్లు చెప్పిన ధరకు కొనండి.

డేరా తడిగానే మడిచి తెచ్చేశాం, పర్లేదా?

ఒక్క రోజు పర్లేదు. ఇంటికి రాగానే నీడలో పూర్తిగా ఆరేయండి. రెండు మూడు రోజులు సంచిలో ఉంటే బూజు పట్టి గుడ్డ లోపలి పూత అంటుకుపోతుంది, ఆ తర్వాత వాన ఆగదు.

ఇంటికొచ్చి రెండు వారాలైంది, ఇప్పుడు జ్వరం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. మలేరియా కుట్టిన వారం తర్వాత మొదలుకొని నెల దాకా, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. పారాసిటమాల్‌తో తగ్గిందని ఊరుకోవద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించండి, ఒకసారి నెగెటివ్ వచ్చి జ్వరం నిలిచి ఉంటే మళ్లీ చేయించండి. ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఎక్కడైనా ఉంటే డాక్టరుకు చూపించండి, అది స్క్రబ్ టైఫస్ గుర్తు. నగరాల్లో డాక్టర్లు అడగకపోయినా "ఫలానా తేదీన మారేడుమిల్లి అడవిలో పడుకున్నాం" అని మొదటి మాటగా చెప్పండి.